తల్లి కట్ట

డచ్చివాళ్ళతో మా రిపబ్లిక్ చేసుకున్న ఆ ఒప్పందంలోని పద్నాలుగో అంశం నాకు ఇప్పటికీ కంఠస్థం. ముప్పై ఏడేళ్ళు బడిలో పాఠాలు చెప్పాను. చెప్పినవాటిలో సగం మరిచిపోయాను గాని, ఇది మరపు రాలేదు. మా గడ్డ మీద విదేశీయులకు ఉన్న హక్కులను, ఆస్తులను వారికి తిరిగి అప్పగించాలన్న కోరికను మా రిపబ్లిక్ గుర్తిస్తుందనీ, ఆ పని జరిపించడానికి ఉభయ పక్షాలూ కలిసి ఒక సంఘాన్ని నియమిస్తాయనీ అందులో ఉంది. ఎవరో గొప్ప మర్యాదస్తుడు రాసిన వాక్యం. వెతికినా ఒక్క పరుషమైన మాట దొరకదు. మా ఊరి పేరు లేదు, మా అమ్మ పేరు అసలే లేదు.

జపాను లొంగిపోయి ఏడాది తిరిగేసరికి డచ్చి దొరలు మళ్ళీ మా దీవికి వచ్చారు. మూడున్నరేళ్ళు కనిపించకుండా పోయినవాళ్ళు, పొరుగూరు వెళ్ళి వచ్చిన ఇంటి యజమానుల్లా వచ్చి తాళంచెవి అడిగారు. మా పెద్దలు వాళ్ళను కూర్చోబెట్టి చర్చలు మొదలుపెట్టారు. ఆ తర్వాత జూలైలో దొరలు ఫిరంగులతో దిగారు. అది పుస్తకాల్లో ఉంది, నేను చెప్పనక్కరలేదు. ఫిరంగి ఎదుట మనిషికి ఏం చెయ్యాలో తెలుస్తుంది. నేను చెప్పేది అంతకు ముందు కాలం సంగతి. వాళ్ళు కాగితాలతో వచ్చి మా చేతి అన్నం తిని వెళ్ళిన కాలం. ఒక్క వరి పంట, విత్తు నుంచి కోత దాకా.

మా ఊరు చిబాలుంగ్. పడమటి జావాలో కొండవాలు మీద ఊరు, ఊరికి పైన తేయాకు తోటలు. ఆ తోటలకు పేర్లుండేవి కావు, అంకెలుండేవి. ఏడో నంబరు అన్నిటికన్నా ఎత్తున ఉండేది. యుద్ధానికి ముందు మా అమ్మ అందులో ఆకు కోసేది. అమ్మను మేము అంబు అంటాం. నాన్న కింద షెడ్డులో ఆకు తూచే గుమాస్తా. ఆ ఉద్యోగం పుణ్యాన, తోట మేనేజరు బ్రుక్‌మన్ దొర రాసిచ్చిన ఉత్తరం పుణ్యాన, నేను డచ్చి బడిలో ఏడో తరగతి దాకా చదువుకున్నాను. ఆ ఉపకారాన్ని నేను మరిచిపోలేదు. ఆయనా మరిచిపోలేదు.

జపాను సైన్యం వచ్చినప్పుడు తేయాకు తిని బతకలేమని, తోటలు పెరికి వరి వెయ్యమని ఆజ్ఞ ఇచ్చింది. నలభై ఏళ్ళ తేయాకు మొదలు భూమిలోకి మనిషి నడుమంత వేరు దించుతుంది. నాన్న ఏడో నంబరు వాలు మీద రెండు వేసవులు వేర్లు పెరికాడు. మొదటి పంట సైన్యం పట్టుకుపోయింది. రెండో పంటతో పాటు నాన్ననే పట్టుకుపోయింది, దక్షిణ తీరాన రైలు దారి వెయ్యడానికి. బట్ట దొరకని రోజులు. గోనెసంచికి చేతులు కోసి కుట్టిన చొక్కా తొడుక్కుని లారీ ఎక్కాడు. మళ్ళీ రాలేదు. మూడో పంట మాకు దక్కింది. ఆ పంట తల్లి కట్ట మా గాదెలో తూర్పు మూల ఉంది.

కోతకు ముందు రోజు ఇంటి పెద్దావిడ ఒంటరిగా పొలానికి వెళ్ళి, నిండు కంకులు ఏరి కోసి, జడలా అల్లి గాదెలో పెడుతుంది. వరికి ప్రాణమైన దేవత న్యీ పోహాచి ఆ కట్టలో కూర్చుని ఉంటుంది. మేము ఐదు పూటలా నమాజు చేసేవాళ్ళమే; అయినా గాదె తలుపు తీసే ముందు ఆమెకు సలాం చెప్పకుండా తీసేవాళ్ళం కాదు. కొత్త పంట ఇల్లు చేరి కొత్త తల్లి కట్ట వచ్చేదాకా పాతదాన్ని ఎవరూ ముట్టరు. జపాను కాలంలో జనం అరటి దుంప ఉడికించుకు తిన్నప్పుడు కూడా ముట్టలేదు.

నవంబరు మొదట్లో, ఏడో నంబరులో వరి మోకాలెత్తు పెరిగిన రోజుల్లో, సుకందా గారు మా ఊరు వచ్చారు. పెద్దల చర్చలు కొండ కింద మరో ఊళ్ళో జరుగుతున్నాయి. తోటల సంగతి తేల్చే చిన్న సంఘం మాత్రం మా ఊరి పాత విశ్రాంతి బంగళాలో రెండు రోజులు కూర్చుంటుందట. వాళ్ళ మర్యాదలు చూసే అధికారి ఈ సుకందా గారు. ముప్పై దాటని మనిషి, నల్ల టోపీ, ఇస్త్రీ చెదరని తెల్ల చొక్కా. వడ్డనకు ఊళ్ళో ఆరుగురు ఆడవాళ్ళను ఎంచారు. అంబు, నేను, మా పక్కింటి ఒనా పిన్ని అందులో ఉన్నాం.

ఆయన బంగళా వరండాలో మమ్మల్ని వరసగా నిలబెట్టి కొత్త చీరబట్టలు పంచారు. మూడేళ్ళ తర్వాత చూసిన కొత్త బట్ట. ఒనా పిన్ని దాన్ని ముక్కుకు ఆనించుకుని వాసన చూసింది.

“ఒక మాట చెబుతున్నాను, జాగ్రత్తగా వినండి,” అన్నారు సుకందా గారు. “దొరల ముందు చతికిలబడి నడవడం, మోకాళ్ళ మీద జరగడం ఇక లేదు. నిలబడి వడ్డించాలి. మనమిప్పుడు రిపబ్లిక్. మనిషి ముందు మనిషి నిలబడతాడు.”

“నిలబడితే గిన్నెలోది వాళ్ళ నెత్తి మీద పడుతుందేమో బాబూ,” అంది ఒనా పిన్ని.

“పడకుండా చూసుకో అమ్మా. ఏదీ, ఒకసారి నడిచి చూపించండి.”

అంబు ఖాళీ గిన్నె పట్టుకుని నడిచింది. బల్ల దగ్గరకు వచ్చేసరికి ఆమె మోకాళ్ళు వాటంతట అవే వంగిపోయాయి. మళ్ళీ నడిపించారు. మళ్ళీ వంగాయి. నాలుగోసారి ఆయన విసుక్కున్నారు.

“ఏంటమ్మా ఇది? ఖాళీ కుర్చీకి వంగుతున్నావు!”

“ఆ కుర్చీలో ఎవరు కూర్చునేవాళ్ళో వీటికి గుర్తున్నట్టుంది అయ్యా,” అని అంబు తన మోకాళ్ళను చూపించింది.

అందరం నవ్వాం. సుకందా గారు నవ్వలేదు. వచ్చేవాళ్ళ పేర్లు చదివారు. ఇద్దరు డచ్చి దొరలు, మధ్యవర్తిగా ఒక ఇంగ్లీషు దొర, మా పక్షాన ముగ్గురు. డచ్చి దొరల్లో రెండోవాడు తోటల సలహాదారు బ్రుక్‌మన్.

“ఏ బ్రుక్‌మన్? మన బ్రుక్‌మనేనా?” అని అడిగింది ఒనా పిన్ని.

“మన అనకమ్మా,” అన్నారాయన. “ఇంకో సంగతి. పొలాల ఊసు ఎవరూ ఎత్తకూడదు. అవి మాట్లాడడానికి మేమున్నాం. మీ పని అన్నం పెట్టడం.” వెళ్ళబోతూ ఆగారు. “ఆ బట్టలు జాగ్రత్త. రెండో రోజు సాయంత్రం తిరిగి ఇచ్చెయ్యాలి. ఇంకో ఊళ్ళో కావాలి.”

దారి పొడుగునా ఒనా పిన్ని ఒకటే గొణిగింది. “చూశావా ఇకా, రిపబ్లిక్‌ని నడుముకు చుట్టబెట్టారు, రెండు రోజులయ్యాక విప్పి ఇమ్మంటున్నారు.”

ఇకా అంటే నేను. అప్పటికి నాకు పంతొమ్మిదేళ్ళు.

అంబు ఇంటికి రాగానే కాళ్ళు కడుక్కుని గాదె నిచ్చెన ఎక్కింది. దిగేటప్పుడు ఆమె చేతుల్లో తల్లి కట్ట ఉంది, పసిబిడ్డను ఎత్తుకున్నట్టు.

ఒనా పిన్ని గుండె మీద చెయ్యి వేసుకుంది. “అక్కా! మతి గాని పోయిందా? పైరు నేల మీద ఉండగా తల్లి కట్ట దించుతారా ఎవరైనా?”

“రేపు దొరకు ఈ అన్నం పెడతాను.”

“ఆ దొరకా!”

“ఆ దొరకే. తల్లి కట్ట అన్నం తిన్నవాడు ఆ నేల మీద చెయ్యి వెయ్యడు. మా అత్త చెప్పింది. కాలవ నీళ్ళ కోసం కింది ఊరివాళ్ళు కొడవళ్ళెత్తుకుని వచ్చినప్పుడు, ఈ ఇంట్లోనే వాళ్ళ పెద్దను కూర్చోబెట్టి ఈ అన్నం పెట్టారట. తిన్నాడు, చెయ్యి కడుక్కున్నాడు, కొడవళ్ళు వెనక్కి తిప్పుకుపోయాడు. ఆ కాలవ తగువు మళ్ళీ రాలేదు.”

“అతను మన మనిషి, అంబూ,” అన్నాను నేను. “ఈయనకు ఆ కట్టడి ఏం తెలుసు?”

“ముప్పై ఏళ్ళు ఈ కొండ మీద ఉన్నాడు. తెలియకపోవడమేంటి? ప్రతి కోతకీ మనకు సెలవిచ్చేవాడు, తల్లి కట్ట ఊరేగింపు చూడ్డానికి గుర్రం మీద వచ్చేవాడు. తెలిసే తింటాడు.” అంబు కట్ట విప్పడం మొదలుపెట్టింది. “సుకందా అబ్బాయి పొలాల ఊసు ఎత్తొద్దన్నాడు. నేను ఎత్తను. అన్నం ఎత్తుతుంది.”

నేను చదువుకున్నదాన్ని. నవ్వుకున్నాను కూడా లోలోపల. అయినా ఆ కంకులు దంచుతుంటే రోకలి పట్టింది నేనే.

మర్నాడు మధ్యాహ్నం భోజనానికి ఆ అన్నం వండాం. అరటాకులో చుట్టి కాల్చిన చేపలు, పచ్చి ఆకులు, నూరిన మిరప పచ్చడి, కొబ్బరిపాలలో ఉడికిన పనసకాయ కూర. అన్నం కుండ మూత తీయగానే ఆ పరిమళం వంటింటి నుంచి హాలు దాకా వెళ్ళింది.

బ్రుక్‌మన్ దొరను చూసి నేను గుర్తు పట్టలేదు. ఒకప్పుడు గుర్రం నడుము కుంగే మనిషి. జపాను వాళ్ళ ఖైదు శిబిరంలో మూడేళ్ళు ఉండి వచ్చాడట. చొక్కా మెడకు, ఆయన మెడకు మధ్య పిడికిలి దూరేంత ఖాళీ ఉంది. పళ్ళెంలో ఏం వడ్డించినా ఒక్క మెతుకు మిగల్చలేదు. వేలి కొసతో అంచులు కూడా తుడుచుకు తిన్నాడు. నాకు జాలి వేసింది. ఆ జాలి నిజమైనదేనని రాయడం న్యాయం.

వాళ్ళు హాల్లోకి వచ్చినప్పుడు తలుపు దగ్గర నిలబడి స్వాగతం చెప్పిన సుకందా గారు నడుము దాకా వంగారు. ఒనా పిన్ని నన్ను మోచేత్తో పొడిచింది.

అంబు అన్నం గిన్నెతో దొర కుర్చీ పక్కకు వెళ్ళింది. నాలుగుసార్లు నడిపించి నేర్పిన నిలువు నడక నాలుగడుగుల్లో పోయింది. చతికిలబడి, తల వంచి, గిన్నె పైకెత్తింది.

దొర మా భాషలోనే అన్నాడు. “అర్సీ కదూ? బతికే ఉన్నావా?”

“ఉన్నాను దొరా. మీరూ ఉన్నారు కదా.”

“మీ ఆయన అర్జా ఏడీ?”

“జపాను వాళ్ళు రైలు దారి వెయ్యడానికి తీసుకెళ్ళారు దొరా. దారి పడింది, మనిషి రాలేదు.”

ఆయన చెంచా కింద పెట్టాడు. “మంచి మనిషి,” అన్నాడు తర్వాత. “తూకంలో ఏనాడూ ఒక్క ఆకు తేడా రానిచ్చేవాడు కాదు.”

నాన్నకు దక్కిన ఏకైక సంతాప వాక్యం అది. అందులో కూడా తేయాకే ఉంది.

దొర అన్నం నోట్లో పెట్టుకుని కళ్ళు మూసుకున్నాడు. “ఏ బియ్యం ఇవి? ఇంత వాసన ఎక్కడిది?”

“మా తల్లి కట్ట బియ్యం దొరా. మీ కోసం దించాను.” అంబు తల ఎత్తింది. “ఏడో నంబరు తోటవి. ఆయన వేర్లు పెరికిన చోటివి.”

హాల్లో చెంచాల చప్పుడు ఆగిపోయింది. సుకందా గారి ముఖం చొక్కా కన్నా తెల్లబడింది. దొర అంబు వంక చూశాడు. ఆయనకు తెలుసు. ఆ చూపులో ఒక్క క్షణం అంతా తెలిసినతనం కనిపించింది. ఈ సంగతి మీద నేను ప్రమాణం చెయ్యగలను. తర్వాత ఆయన పళ్ళెం ముందుకు జరిపాడు.

“ఇంకొంచెం పెట్టు.”

అంబు రెండోసారి పెట్టింది. ఆమె వంటింటి గుమ్మం చేరేసరికి ముఖం వెలిగిపోతోంది. “రెండోసారి పెట్టించుకున్నాడు!” అని ఒనా పిన్ని భుజం పట్టుకుని ఊపేసింది. “విన్నావా? రెండోసారి!”

నేను పక్క బల్ల దగ్గర నీళ్ళ కూజాతో నిలబడి ఉన్నాను. బ్రుక్‌మన్ దొర చేతి గుడ్డతో మూతి తుడుచుకుని, జేబులోంచి చిన్న పుస్తకం తీసి ఏదో రాసుకున్నాడు. రాస్తూ పక్క దొరతో డచ్చిలో మాట్లాడాడు. నా కాగితం మీద సంతకం పెట్టి బడికి పంపింది తానేనన్న సంగతి ఆ క్షణాన ఆయనకు గుర్తు లేదు కాబోలు.

“ఏడో నంబరు కూడా,” అన్నాడు. “మా తోటలన్నిటిలోకీ మంచి ఆకు అక్కడిదే. నేల చెడలేదన్నమాట, చెడితే ఇలాంటి బియ్యం పండదు. మళ్ళీ నాటిస్తే నాలుగేళ్ళలో ఆకు కోయించవచ్చు.”

“ఆమే దాన్ని ఏడో నంబరు తోట అంటోంది కదా,” అన్నాడు పక్క దొర. “అంతకన్నా సాక్ష్యం ఏం కావాలి?”

మా పక్షం పెద్దలు ముగ్గురికీ డచ్చి నా కన్నా బాగా వచ్చు. ముగ్గురూ ఆ మాటలు విన్నారు. ఒకాయన నీళ్ళు తాగాడు. ఒకాయన కిటికీలోంచి కొండను చూశాడు. మూడో ఆయన చిరునవ్వుతో, “చేప చాలా బాగుంది,” అన్నాడు.

ఆ మాటకు నేను ఇన్నేళ్ళుగా జవాబు వెతుకుతున్నాను.

రెండో రోజు సాయంత్రం చీరబట్టలు మడతపెట్టి తిరిగి ఇచ్చేశాం. పాత గుడ్డ చుట్టుకుని ఇంటికి నడుస్తూ అంబు పాట పాడింది, నాన్న పోయాక మొదటిసారి. దొరలు డచ్చిలో ఏం మాట్లాడుకున్నారని అడిగింది. వానల గురించి అని చెప్పాను. ఈ కథలో ఎవరెవరు ఏ తప్పు చేశారో లెక్కించే హక్కు నాకుంటే, ఆ జాబితాలో ఈ అబద్ధం కూడా ఉండాలి.

ఆ తర్వాత నాలుగు నెలలు ఏడో నంబరులో వరి పొట్టకొచ్చింది, ఈనింది, పసుపు తిరిగింది. అంబు రోజూ వెళ్ళి కలుపు తీసేది. పొలం తనదన్న నమ్మకంతో తీసేది. గట్టు కింద రాళ్ళు పేర్చి చిన్న మెట్లు కూడా కట్టింది. అద్దెకున్నవాళ్ళు మెట్లు కట్టరు.

మార్చి నెలాఖరున పెద్దలు రాజధానిలో ఒప్పందం మీద సంతకాలు చేశారు. నాలుగు రోజులకు పత్రిక మా ఊరు చేరింది. ఊరి ఆడవాళ్ళు దంపుడు చావడిలో, పొడుగాటి చెక్క తొట్టెకు అటూ ఇటూ నిలబడి వడ్లు దంచుతుంటే, నేను చదివి వినిపించాను. రిపబ్లిక్‌ను దొరలు గుర్తించారు అని చదివినప్పుడు “మెర్దేకా!” అని స్వాతంత్ర్య నినాదం అరిచి రోకళ్ళు తొట్టె అంచుకు కొట్టారు. పద్నాలుగో అంశం చదివాను. మామూలుగానే దంచుతున్నారు.

“అంటే ఏంటే ఇకా?” అంది ఒనా పిన్ని. “మామూలు మాటల్లో చెప్పు.”

“తోటలు వెనక్కి ఇచ్చెయ్యాలి పిన్నీ.”

“ఎవరివి?”

“వాళ్ళవి.”

“వాళ్ళకేం తోటలున్నాయే ఇక్కడ? ఉన్నవన్నీ పొలాలేగా!” అని, అనేశాక అర్థమై నోరు మూసుకుంది. రోకళ్ళు ఒక్కొక్కటే ఆగాయి. చివరికి అంబు రోకలి ఒక్కటే పడుతోంది.

“బ్రుక్‌మన్ ఒప్పుకోడు,” అంది అంబు. “తిన్నాడు కదా.”

నేను పత్రిక మడతపెట్టాను. ఆ రోజు హాల్లో విన్నదంతా చెప్పాను: చిన్న పుస్తకం సంగతి, మంచి ఆకు సంగతి, సాక్ష్యం సంగతి, చేప సంగతి. గొంతు పెంచలేదు, తగ్గించలేదు. పాఠం అప్పగించినట్టు చెప్పాను.

“ఈ మాట నీకు ఆ రోజే తెలుసా?”

“తెలుసు అంబూ.”

“నేను పాట పాడుతుంటే విన్నావు.”

“విన్నాను.”

అంబు రోకలి గోడకు ఆనించింది. తొట్టెలో బియ్యం చేటలోకి ఎత్తి, నెమ్మదిగా చెరిగి, ఊక ఊదేసింది. “తెలియక తిన్నాడేమో అనుకుని క్షమించడానికి కూడా లేదన్నమాట,” అంది. ఆ పూట నాతో అన్నం తినలేదు.

మరుసటి వారం సుకందా గారు వచ్చారు. ఈసారి తెల్ల చొక్కా భుజం దగ్గర చిరిగి, కుట్టి ఉంది. ఏదో గెలుచుకొచ్చినవాడిలా కాగితం చూపించారు.

“మన పొలాల మాట మేము మరిచిపోలేదు. నిలిచి ఉన్న పంట కోత ముగిసేదాకా రైతును కదిలించరాదని సంఘం చేత రాయించాం. ఆ ఒక్క ముక్క కోసం మనవాళ్ళు మూడు గంటలు పోరాడారు తెలుసా!”

“మూడు గంటలే!” అంది ఒనా పిన్ని. “పాపం, నడుములు పట్టేసుంటాయి. అర్జా బావ రెండు వేసవులు వేర్లు పెరికాడు, ఇంత అలసిపోలేదు బాబూ.”

ఆయన ఎర్రబడ్డారు. “అమ్మా, మా దగ్గర ఏముందో చెప్పు? వాళ్ళ దగ్గర ఓడలున్నాయి. మా దగ్గర కాగితం ఉంది.”

ఆ మాటలో నిజం ఉంది. ఆయన మీద నా కోపం పూర్తిగా నిలవకపోవడానికి అదే కారణం.

“అయ్యా,” అంది అంబు. “ఎన్ని రోజుల్లో కొయ్యాలని రాశారు?”

“రోజులు రాయలేదమ్మా. కోత ముగిసేదాకా అనే ఉంది. ఎంత, వారం పది రోజులేగా?”

“ఇకా, ఆ ముక్క చదువు.”

చదివాను. మళ్ళీ చదవమంది. మూడుసార్లు చదివించుకుంది.

చర్చల బల్ల చుట్టూ కూర్చున్నవాళ్ళలో డచ్చివాళ్ళు గోధుమ కోత చూసినవాళ్ళు. మావాళ్ళు పట్నంలో పెరిగిన పెద్దింటి బిడ్డలు. మేము వరి ఎలా కోస్తామో ఒక్కరికీ తట్టలేదు. మా కొండ మీద వరికి కొడవలి తాకించం. అరచేతిలో దాక్కునేంత వేలికత్తి ఉంటుంది. దాన్ని వేళ్ళ సందున ఇరికించుకుని, ఒక్కొక్క కంకినీ విడిగా పట్టి, విడిగా కోస్తాం. ఇనుము మెరుపు చూస్తే న్యీ పోహాచి జడుసుకుంటుంది. అందుకే కోత పనికి ఊరంతా కదిలి వస్తుంది. యాభై అరవై మంది ఆడవాళ్ళు చేతులు కలిపితే వారంలో ముగుస్తుంది.

ఆ ఏడు అంబు ఎవరినీ పిలవలేదు. ఎందుకని ఎవరూ అడగలేదు. ఆమె, నేను, ఒనా పిన్ని, ముగ్గురం వెళ్ళాం. కొత్త తల్లి కట్ట కోసం అంబు మొదటి కంకులు ఏరడానికే రెండు రోజులు తీసుకుంది. తర్వాత వరసల్లోకి దిగాం; అంబు నన్ను తన వరసకు దూరంగానే ఉంచింది. ఒక కంకి కోసి, చూసుకుని, పిడికిట్లో సర్ది, అప్పుడు రెండోది. కోసిన వరస వెనకాలే కర్రతో గుంటలు పొడిచి మొక్కజొన్న గింజలు, కర్రపెండలం ముక్కలు పాతుకుంటూ పోయాం. ఊళ్ళో తక్కిన పొలాలవాళ్ళు మమ్మల్ని చూశారు. ఐదో నంబరులో కోతకు ఇద్దరే దిగారు. మూడో నంబరులో ఒక ముసలావిడ ఒక్కతే.

తేలిక పని అనుకోకండి. ముదిరిన గింజ రాలిపోతుంది. పిచ్చుకలు మందలుగా వచ్చి పడ్డాయి. రోజుకింత చొప్పున మా తిండి మట్టిపాలవుతుంటే మేము చూస్తూ నెమ్మదిగా కోశాం. ఆకలి రోజులు చూసిన అంబుకు, రాలిన ప్రతి గింజా కాలి కింద గుచ్చుకునే ఉంటుంది.

ఉమ్మడి సంఘం తరఫున కొయ్య గుంజలు పట్టుకుని ఒక సర్వేయరు వచ్చాడు. మొదటివారం తొంగిచూసి వెళ్ళాడు. రెండోవారం గట్టు మీద గొడుగు వేసుకుని కూర్చున్నాడు.

“ఇంకా ఎన్నాళ్ళమ్మా?”

“కంకులను అడగాలి అయ్యా.”

“నేను పదిమందిని కొడవళ్ళతో పంపిస్తా. పొద్దు గూకేలోగా అయిపోతుంది.”

ఒనా పిన్ని చెంపలు వేసుకుంది. “కొడవలా! తప్పు తప్పు. తల్లి పారిపోతే వచ్చే ఏడు మీ దొర ఏం తింటాడు, తేయాకా?”

మూడో వారం బ్రుక్‌మన్ దొరే జీపులో వచ్చాడు. ఏడో నంబరు మెట్ల దాకా రాదు జీపు. కింద ఆపి నడిచి వచ్చాడు. అంబు కట్టిన రాతి మెట్లు ఎక్కి పైకి వచ్చేసరికి ఆయాసపడుతున్నాడు. సూర్యుడు నడినెత్తిన ఉన్నాడు. చుట్టూ నడుమెత్తు పండిన వరి, సగానికి పైగా కోయనిది. ఆయన పొలాన్ని చూశాడు, వెనక మొలకెత్తిన మొక్కజొన్నను చూశాడు, ముగ్గురు ఆడవాళ్ళను చూశాడు. తెలివిగలవాడు. అడగవలసినది ఏమీ మిగల్లేదు.

గట్టు మీద సర్వేయరు గొడుగు నీడలో కూర్చుని, టోపీ తీసి, “అర్సీ,” అని పిలిచాడు. “ఆకలేస్తోంది. తినడానికి ఏమైనా పెట్టు.”

అది అధికారం చూపడానికి అన్న మాట కాదు. నిజంగా ఆకలి మీద ఉన్నాడు. శిబిరం నుంచి వచ్చినవాళ్ళు ఆకలికి ఆగలేరని విన్నాను.

అంబు మా మధ్యాహ్నం గంప దగ్గరకు వెళ్ళింది. అందులో రెండు పొట్లాలున్నాయి. ఒకటి అరటాకులో చుట్టిన కొత్త బియ్యపు అన్నం. రెండోది ఉడికించిన కర్రపెండలం, ఉప్పు. ఆమె రెండోది తీసింది. ఆకు పరిచి, దుంప ముక్కలు పెట్టి, పక్కన ఉప్పు వేసి, రెండు చేతులతో పట్టుకుని వచ్చింది. నేను ఆమె మోకాళ్ళ వంకే చూస్తున్నాను. కుర్చీ లేదు, హాలు లేదు, సుకందా గారు లేరు. ఆయన ముందుకు వచ్చి అంబు నిటారుగా నిలబడింది, ఆకు ఆయన అందుకునేంత ఎత్తులో పట్టి.

దొర ఆకు అందుకుని చూశాడు. తర్వాత తల ఎత్తి, నాలుగు దిక్కులా ఉన్న వరిని చూశాడు.

“బియ్యం లేవా, అర్సీ?”

“ఉన్నాయి దొరా,” అంది అంబు. “అవి అతిథులకు.”

ఆయన ముప్పై ఏళ్ళు మా కొండ మీద బతికిన మనిషి; ఆ మాటను ఎవరూ ఆయనకు తర్జుమా చెయ్యనక్కరలేకపోయింది. మెడ దగ్గర నుంచి చెవుల దాకా ఎర్రబడ్డాడు. దుంప ముక్క ఒకటి తీసి, ఉప్పులో అద్ది, తల వంచుకుని తినడం మొదలుపెట్టాడు. అన్నీ తిన్నాడు.

అంబు అప్పటికే వరిలోకి వెళ్ళిపోయింది. వేలికత్తి వేళ్ళ సందున సర్దుకుని, ఒక కంకి ఎంచి, దాన్ని చాలాసేపు చూసి, కోసింది. ఆ తర్వాత నా వైపు తిరిగి, నెల రోజుల్లో మొదటిసారి, “రా, నా వరసలోకి రా,” అంది. వెళ్ళి ఆమె పక్కన నిలబడ్డాను. ఆమె రెండో కంకి కోసం తీరిగ్గా వెతుకుతోంది.